విశాఖ మేడల మీద సోలార్: బిల్లు లెక్క సరే, గాలి లెక్క ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

మీ విశాఖ ఎడిషన్‌లో సోలార్ గురించి వార్త రాని వారం ఈ మధ్య ఉండడం లేదు. సబ్సిడీ ఎంత, లోను ఏ బ్యాంకు ఇస్తుంది, మేళా ఏ కాలనీలో పెట్టారు, అన్నీ వస్తున్నాయి, మంచిదే. పక్క పేజీలోనే "ఇక మీ కరెంటు బిల్లు సున్నా" అంటూ పెద్ద పెద్ద ప్రకటనలు. ఇన్నిటి మధ్య ఒక్క ప్రశ్న మాత్రం నాకెక్కడా కనబడలేదు. మన ఊరి మేడల మీద బిగిస్తున్న ఈ ప్యానెళ్లు రేపు తుఫాను వస్తే నిలబడతాయా, నిలబడతాయని చూసి సంతకం పెడుతున్నది ఎవరు? సోలార్ వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మా ఇంటి మీద కూడా ఉంది, బాగానే పనిచేస్తోంది, చుట్టాలకీ పెట్టించుకోమనే చెబుతున్నాను. పెట్టించుకునే ముందు ఏం అడగాలో కూడా చెబుతున్నాను, అదే మీ పాఠకులకూ చెబుదామని.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ మొదలెట్టేది అక్కడే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30 వేలు, మూడో కిలోవాట్‌కి 18 వేలు, మొత్తం 78 వేలు కేంద్రం ఇస్తుంది. ఆపైన ఎన్ని కిలోవాట్లు పెట్టుకున్నా ఆ 78 వేలే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పూచీకత్తు లేకుండా తక్కువ వడ్డీకి బ్యాంకు లోన్లు ఉన్నాయి. కిలోవాట్‌కి రోజుకి సగటున నాలుగు యూనిట్లు, నెలకి 120 దాకా వస్తాయనేది అందరూ వేసే లెక్క, మన ఎండకి అది అటూ ఇటూగా సరిపోతుంది. జనం ఎగబడుతున్నారంటే ఎగబడరా మరి.

కానీ ఆ 78 వేలు మొత్తం రాబట్టాలనే తొందరలో అందరూ "మూడు కిలోవాట్లు" అనేస్తున్నారు, అమ్మేవాళ్లూ అదే ఎక్కిస్తున్నారు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకి యూనిట్ రేట్ల శ్లాబులు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ వచ్చి కొట్టేసేది ముందుగా పైన ఉన్న ఖరీదైన యూనిట్లనే. నెలకి 300 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల ఛార్జీ సుమారు 1,673 రూపాయలు అవుతుంది. రెండు కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 60 మిగులుతాయి, వాటి ఛార్జీ 147 రూపాయలు. అంటే మూడో కిలోవాట్ ఆ ఇంటికి నెలకి మిగిల్చేది ఆ 147 మాత్రమే. ఎండాకాలం ఏసీలతో 500 యూనిట్లు దాటే ఇంట్లో లెక్క మారుతుంది, అప్పుడు మూడో కిలోవాట్ ఒక్కటే ఎనిమిది వందల పైన మిగులుస్తుంది. కాబట్టి మీ ఇంటి పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని కూర్చోండి, ఎదుటివాడు చెప్పే సైజు కాదు. వంద యూనిట్లు వాడే ఇంటికైతే యూనిట్ల ఛార్జీ మొత్తం కలిపి మూడు వందల పైచిలుకే, అక్కడ సోలార్ పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, ఈ మాట ఏ మేళాలోనూ చెప్పరు. ఇక సున్నా బిల్లు అనే మాట కూడా పూర్తి నిజం కాదు, ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ ఉంటాయి.

ఈ లెక్క అంతా ఎందుకు చెప్పానంటే, మూడో కిలోవాట్ అవసరం లేని ఇంటివాళ్లు ఆ డబ్బులో కొంత ప్యానెళ్ల కింద ఇనుము మీద పెడితే బాగుంటుందని. ఎవరూ పెట్టడం లేదు. కొటేషన్లు తెప్పించుకున్నప్పుడు చూశాను, ప్యానెల్ కంపెనీ పేరు ఉంటుంది, ఎన్ని వాట్లో ఉంటుంది, ప్యానెల్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఏదో ఉంటుంది, ప్యానెళ్లని నిలబెట్టే స్ట్రక్చర్ దగ్గరికి వచ్చేసరికి "స్టాండర్డ్ జీఐ స్ట్రక్చర్", అంటే జింక్ పూత ఇనుము, అని ఒకే ఒక్క లైను. ఎంత మందం, ఎన్ని కాళ్లు, స్లాబ్‌లోకి ఎలా దిగుతాయి, ఎంత గాలికి డిజైన్ చేశారు, ఏమీ ఉండదు. ధరలో పోటీ వచ్చినప్పుడు ప్యానెల్ ధర తగ్గించలేరు, ఇన్వర్టర్ తగ్గించలేరు, సబ్సిడీ కావాలంటే ప్యానెల్ లోపలి సెల్స్ కూడా దేశంలో తయారైనవే వాడాలి కాబట్టి అక్కడా వీలు లేదు. ఇక మిగిలింది ఇనుమే. నాలుగు కాళ్లు ఉండాల్సిన చోట మూడు, రెండు మిల్లీమీటర్లు ఉండాల్సిన పైపు అంతకంటే పల్చన. కింద నిలబడి చూసేవాడికి తేడా ఏం తెలుస్తుంది?

ఇది ఏ రాయలసీమ ఊళ్లోనో అయితే నేను ఇంత గొడవ పెట్టుకోను. కానీ మనది విశాఖపట్నం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా మన ఊరి మీదే తీరం దాటింది, గంటకి 170 నుంచి 180 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్య విసురు అంతకు మించి. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ కప్పే ఎగిరింది, కైలాసగిరి మీద చెట్లు నేలమట్టం అయ్యాయి, కరెంటు రావడానికి చాలా చోట్ల రోజుల తరబడి పట్టింది. అప్పటికి ఊళ్లో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు అంతగా లేవు. ఇప్పుడున్నవి దాదాపు ఏవీ ఆ పరీక్ష రాసినవి కావు.

గాలి బలానికి భారత ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ 875 మూడో భాగం. అందులో విశాఖపట్నానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఇది ఎవరో భయపెట్టడానికి చెప్పిన అంకె కాదు, బిల్డింగ్ డిజైన్ చేసే ప్రతి ఇంజినీరు వాడే అంకె. ఆ వేగంలో గాలి ఒక చదరపు మీటరు మీద తోసే బలం సుమారు 150 కిలోల బరువుకి సమానం. ఇప్పుడు అమ్ముతున్న 540 వాట్ల ప్యానెల్ వైశాల్యం రెండున్నర చదరపు మీటర్ల పైమాటే. అంటే ఒక్కో ప్యానెల్ మీద స్థూలంగా 390 కిలోల బలం, మూడు కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు కాబట్టి మొత్తం రెండు టన్నులు దాటుతుంది. వంపు, ఎత్తు, మేడ ఆకారాన్ని బట్టి ఇది కొంచెం పెరగొచ్చు, తగ్గొచ్చు, అది ఇంజినీరు వేయాల్సిన లెక్క, నేను చెబుతున్నది ఒక అంచనా మాత్రమే. ప్యానెల్ సొంత బరువు ఎంతో తెలుసా, ముప్పై కిలోల లోపు.

అందరూ అడిగే ప్రశ్న "మా స్లాబ్ ఆ బరువు మోస్తుందా?" అని. మామూలు ఆర్‌సీసీ స్లాబ్‌కి ఆ బరువు ఒక లెక్కే కాదు, ఆదివారం మేడ మీద పది మంది చుట్టాలు చేరితే అంతకంటే ఎక్కువ పడుతుంది. అడగాల్సింది, అది పైకి లేస్తుంటే స్లాబ్ పట్టుకోగలదా అని. కొందరు స్లాబ్‌కి బెజ్జం పెడితే కారుతుందని భయపడి, కాళ్లని సిమెంట్ దిమ్మెల్లో పోసి ఊరికే మేడ మీద పెట్టించుకుంటున్నారు. ఒక అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న దిమ్మె బరువు 70 కిలోలు కూడా ఉండదు. రెండు టన్నుల పైచిలుకు బలాన్ని బరువుతోనే ఆపాలంటే అలాంటివి ముప్పైకి పైగా కావాలి. ఆరో ఎనిమిదో పెట్టి వెళ్లిపోతున్నారు. బెజ్జం పెట్టి కెమికల్ యాంకర్ (గట్టి జిగురుతో స్లాబ్‌లో పట్టించే బోల్టు) వేసి, చుట్టూ సరిగ్గా వాటర్‌ప్రూఫింగ్ చేస్తే కారదు. ఆ పని తెలిసినవాడు చేయాలి, ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే.

దీనికి తోడు మన ఊళ్లో ఇంకో అలవాటు మొదలైంది. మేడ మీద జాగా పోకూడదని, బట్టలు ఆరేసుకోవాలని, వడియాలు పెట్టుకోవాలని, ప్యానెళ్లని ఎనిమిది పది అడుగుల ఎత్తున పందిరిలా లేపుతున్నారు. నీడ కూడా వస్తుంది, కాదనను. కానీ అంత ఎత్తున గాలికి కిందనుంచి దారి దొరుకుతుంది, కాళ్లు పొడుగవుతాయి, ఊగుతాయి. పైగా మన దగ్గర ప్యానెళ్లు దక్షిణం వైపు వాలి ఉంటాయి, అంటే ఉత్తరం వైపు అంచు పైకి లేచి ఉంటుంది. తుఫాను సముద్రం మీద నుంచి మన వైపు వస్తున్నప్పుడు ముందుగా తగిలేది ఉత్తరం, ఈశాన్యం గాలి. అది సరిగ్గా ఆ లేచిన అంచు కిందికి దూరి గొడుగుని తిప్పేసినట్టు తిప్పేస్తుంది. హుద్‌హుద్‌లో తుఫాను కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టడం చూసినవాళ్లకి, అప్పటిదాకా వదులైన బోల్టులు రెండో దెబ్బకి ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

పందిరి వేసుకోవద్దని కాదు. వేసుకుంటే అడ్డంగా ఏటవాలు బ్రేసింగ్ ఇవ్వాలి, కాళ్ల కింద బేస్ ప్లేటు పెద్దది వేయాలి, పిట్టగోడ అంచు దాకా ప్యానెళ్లని లాక్కురాకూడదు, ఎందుకంటే మేడ అంచుల్లో, మూలల్లో గాలి పైకి లాగే బలం నడిమధ్య కంటే ఎక్కువ. వంపు కూడా మన అక్షాంశం 17, 18 డిగ్రీల మధ్య కాబట్టి అంతే ఉండాలని పట్టుబట్టకండి, పది పన్నెండు డిగ్రీలకు దించితే ఏడాది మొత్తం మీద పోయే కరెంటు చాలా కొంచెం, గాలి పట్టు మాత్రం బాగా తగ్గుతుంది. ఇవన్నీ తెలిసిన ఇన్‌స్టాలర్లు ఊళ్లో లేరని కాదు, ఉన్నారు, కాకపోతే వాళ్ల కొటేషన్ పదిహేను ఇరవై వేలు ఎక్కువ ఉంటుంది, మనం తక్కువకి చెప్పినవాడి దగ్గరికి వెళ్లిపోతాం.

మా ఇంటికి వచ్చిన ఒక సంస్థ మనిషిని "ఇది ఎంత గాలికి డిజైన్ చేశారు, కాగితం మీద రాసివ్వండి" అని అడిగాను. "సార్, ఊరంతా ఇదే పెడుతున్నాం, ఏమీ కాదు" అన్నాడు. కాగితం అడిగితే వారంటీ కార్డు చూపించాడు, 25 ఏళ్లు అని రాసి ఉంది. ఆ 25 ఏళ్లు ప్యానెల్ కరెంటు తయారు చేసే సామర్థ్యానికి ఇచ్చేది, ఎగిరిపోతే ఇచ్చేది కాదు. ప్రకృతి వైపరీత్యాలు వారంటీలోకి రావని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఇంట్లో ఎవరైనా కళ్లజోడు పెట్టుకుని చదవండి. వేరే వాళ్లతో చేయించుకున్నాం, వాళ్లు డ్రాయింగ్ ఇచ్చారు. ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు సోలార్‌ని అందులో చేర్పించుకోవచ్చు, ఏజెంటుని అడిగి పాలసీలో పేరుతో సహా రాయించుకోండి, నోటిమాట కాదు.

సరే, గాలి ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఉప్పు ప్రతి రోజూ వస్తుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఎంవీపీ, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి, ఈ వైపు ఇళ్లల్లో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, గ్రిల్స్ ఎంత తొందరగా తుప్పు పడతాయో మనకి తెలుసు. అలాంటి చోట మామూలు ఇనుప పైపుకి రంగు వేసి నిలబెట్టిన స్ట్రక్చర్ పాతికేళ్లు కాదు, అందులో సగం కూడా ఉండదు. వేడి జింక్‌లో ముంచి తీసిన గాల్వనైజింగ్ అయ్యుండాలి, అది కూడా కోతలు, బెజ్జాలు, వెల్డింగులు అన్నీ అయ్యాక ముంచినది. మేడ మీదికి పైపులు తెచ్చి అక్కడే కోసి, అక్కడే వెల్డింగ్ కొట్టి, ఆ కాలిన చోట వెండి రంగు స్ప్రే కొడితే జింక్ పూత పోయిన చోటే తుప్పు మొదలవుతుంది. నట్లు బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్ అయ్యుండాలి. ఎన్ని చోట్ల లోపల స్టీల్ బోల్టుకి మామూలు ఇనుప వాషర్ వేసి వదిలేస్తున్నారో, ఆ వాషర్ మూడేళ్లలో ఊడుతుంది, అప్పుడు బోల్టు ఎంత మంచిదైతే ఏం లాభం. తుఫాను వచ్చే రోజుకి ఆ స్ట్రక్చర్ కొత్తప్పటి బలంతో ఉండదని గుర్తు పెట్టుకోవాలి. అందుకే ఏటా సెప్టెంబర్‌లో, తుఫానుల కాలం మొదలు కాకముందే, ఎవరినైనా పిలిచి బోల్టులన్నీ బిగించి చూపించుకోవడం మంచిది. ఈ పథకంలో ఇన్‌స్టాలర్ ఐదేళ్లు మెయింటెనెన్స్ చూడాలని షరతు ఉంది, ఫోన్ చేసి రప్పించండి, అది మీ హక్కు.

దుమ్ము గురించి కూడా రెండు మాటలు. పోర్టు బొగ్గు దుమ్ము సంగతి వన్ టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం వాళ్లకి నేను చెప్పాలా? పొద్దున్న తుడిచిన కిటికీ సాయంత్రానికి వేలు పెడితే నల్లగా ఉంటుంది. ఆ నలుపు ప్యానెల్ మీద పడితే కరెంటు తగ్గుతుంది. వారానికి ఒకసారి కడగాల్సి వస్తుంది, తెల్లవారుజామునో పొద్దుపోయాకో, మధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చల్లనీళ్లు పోయకండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే తెల్ల మరకలు కడతాయి, తడి ఆరకముందే వైపర్‌తో లాగేయాలి. కడగడానికి మనిషి వెళ్లే దారి వదలకుండా ఈ చివర నుంచి ఆ చివరకి ప్యానెళ్లు పరిచేసిన ఇళ్లు చూశాను, అక్కడ ఇక వాన దేవుడే దిక్కు. ఇంకోటి, మే నెలలో ఎండ మండిపోతోంది కాబట్టి కరెంటు దంచి కొడుతుందని అనుకుంటారు. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ఒంటి వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి దాని సామర్థ్యం కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది, మధ్యాహ్నం ప్యానెల్ అరవై డిగ్రీలు దాటుతుంది. కాబట్టి మే నెల యూనిట్లు చూసి ఇన్‌స్టాలర్‌ని తిట్టకండి, ఆ ఒక్క విషయంలో అతని తప్పేం లేదు.

ఇక అందరూ మోసపోతున్న సంగతి ఇంకోటుంది. తుఫాను వచ్చి ఊరంతా చీకటైతే మన ఇంట్లో మాత్రం లైట్లు వెలుగుతాయని చాలామంది నమ్మకం. వెలగవు. సబ్సిడీలో ఎక్కువగా పెడుతున్నది ఆన్‌గ్రిడ్ సిస్టం, అంటే బ్యాటరీ లేకుండా లైను కరెంటుకి కలిపి నడిచేది, లైను కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి మన మేడ మీద కరెంటు తగలకుండా పెట్టిన ఏర్పాటు అది, ఉండి తీరాల్సిందే. బయట ఎంత ఎండ కాస్తున్నా, మీటర్ వైపు కరెంటు లేకపోతే మీ ప్యానెళ్లు ఊరికే పడి ఉంటాయి. హుద్‌హుద్ లాంటిది వస్తే కరెంటు లేని అన్ని రోజులూ సోలార్ ఇల్లు కూడా పక్కింటి లాగే చీకట్లో ఉంటుంది. బ్యాటరీ కావాలంటే లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవాలి, దానికి ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీకి ఈ పథకంలో విడిగా సబ్సిడీ ఏమీ లేదు. ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫోన్ ఛార్జింగ్ చాలనుకుంటే ఇంట్లో ఉన్న మామూలు ఇన్వర్టర్ బ్యాటరీని ఉంచుకోండి, సోలార్ వచ్చిందని దాన్ని పాత సామాన్లోడికి ఇచ్చేయకండి.

అపార్ట్‌మెంట్ల గొడవ పెద్ద ఉత్తరమే అవుతుంది, ఇక్కడ కొంచెమే చెబుతాను. ఈ ఊళ్లో చాలామందిమి ఫ్లాట్లలోనే ఉంటున్నాం, టెర్రస్ అందరిదీ. పై అంతస్తు వాళ్లు అది తమదే అనుకుంటారు, కింది వాళ్లు మాకూ వాటా ఉందంటారు, చివరికి ఎవరూ పెట్టుకోరు. లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లకి అసోసియేషన్ పేరు మీద పెట్టుకుంటే కిలోవాట్‌కి 18 వేల చొప్పున సబ్సిడీ ఉంది, గొడవ లేని దారి అదే. కానీ ఐదంతస్తుల పైన పెట్టే స్ట్రక్చర్‌కి గాలి రెండంతస్తుల ఇంటి కంటే ఎక్కువ తగులుతుంది, ఎగిరితే పడేది ఎవరో ఒకరి కారు మీదో, మనిషి మీదో. జనరల్ బాడీలో తీర్మానం చేసేటప్పుడు ఖర్చుతో పాటు ఎంత గాలికి డిజైన్ చేశారో చెప్పే డ్రాయింగ్ కాగితం కూడా టేబుల్ మీద ఉండాలి.

అసలు విషయానికి వస్తాను. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకి సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదని 2024లో కేంద్రం నిబంధన మార్చింది, అంతకు ముందు నెలల తరబడి తిప్పేవాళ్లు కాబట్టి అది మంచి మార్పే. మనం వాడిన కరెంటునీ లైనుకి ఇచ్చిన కరెంటునీ లెక్కగట్టే నెట్ మీటర్ పెట్టే ముందు చేసే తనిఖీ స్వభావరీత్యా కరెంటు భద్రత కోసం, వైరింగ్, ఎర్తింగ్, ఇన్వర్టర్ ఆగుతోందా లేదా అన్నది చూస్తారు, చూడాలి కూడా. మేడ మీద ఇంకో గది వేస్తే మున్సిపల్ ప్లాన్ కావాలి, మరి అదే మేడ మీద రెండు టన్నుల గాలి పట్టే పందిరి వేస్తుంటే? అది చూసే బాధ్యత కరెంటు వాళ్లది కాదు, టౌన్ ప్లానింగ్ వాళ్లదీ కాదు, బ్యాంకుకి వాయిదా వస్తే చాలు, కేంద్రానికి పోర్టల్‌లో ఫొటో పడితే చాలు.

నేను కొత్త పర్మిషన్లు పెట్టమని అనడం లేదు, బాబోయ్, అలా అంటే సోలార్ మొత్తానికే ఆగిపోతుంది, లంచాలకి ఇంకో కిటికీ తెరిచినట్టవుతుంది. అడుగుతున్నది ఒక్క పేజీ. ఇన్‌స్టాలర్ ఇచ్చే ఒప్పందానికి ఒక పేజీ జతచేయాలి, అందులో స్ట్రక్చర్ ఎంత గాలి వేగానికి డిజైన్ చేశారో, పైపు మందం ఎంతో, యాంకర్లు ఎన్ని, ఎంత లోతు దిగాయో, జింక్ పూత ఎలాంటిదో రాసి, ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం ఉండాలి. ప్రతి ఇంటికీ విడిగా డిజైన్ చేయక్కర్లేదు, రెండు కిలోవాట్లకి, మూడు కిలోవాట్లకి, మేడ స్లాబ్‌కి దగ్గరగా ఉన్నదానికి, పందిరి వేసినదానికి, నాలుగైదు నమూనా డ్రాయింగులు మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ తయారు చేయించి వెబ్‌సైట్‌లో పెడితే ఊళ్లో తొంభై శాతం ఇళ్లకి సరిపోతాయి. ఆంధ్రా యూనివర్సిటీ సివిల్ ఇంజినీరింగ్ విభాగం ఇక్కడే ఉంది, అడిగితే చేసి పెట్టరా? ముడసర్లోవ రిజర్వాయర్ మీద రెండు మెగావాట్ల ప్యానెళ్లు నీళ్లలో తేలేలా పెట్టుకున్న ఊరు మనది, అక్కడ గాలికీ అలలకీ లెక్క వేసుకునే కదా లంగరు వేశారు. ఇంటివాడి మేడ మీదికి వచ్చేసరికి ఆ లెక్క ఎందుకు మాయమవ్వాలి?

ఇంకో మాట, ఇది ప్రభుత్వానికి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. చాలా మంచి పని, చేయాల్సిందే. కానీ అక్కడ ఇంటివాడు ఇన్‌స్టాలర్‌ని ఎంచుకోడు, కొటేషన్లు పోల్చి చూడడు, కాగితం అడిగే పరిస్థితిలో ఉండడు. టెండర్‌లో తక్కువకి పాడినవాడు వచ్చి బిగించి పోతాడు. కొండవాలు కాలనీల్లో సన్నటి స్లాబులు, రేకుల కప్పులు ఉన్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో నగర పాలక సంస్థ జీవీఎంసీకి తెలుసు. అలాంటి చోట టెండర్‌లోనే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు అని రాసి, పని అయ్యాక పదింట ఒకటైనా యాంకర్ లాగి పరీక్ష చేసి చూడాలి. యాంకర్ లాగి చూసే యంత్రం పెద్ద ఖరీదైనదేం కాదు.

మీ పత్రికకి ఒక విన్నపం. మీ రిపోర్టర్‌ని ఒకర్ని ఈపీడీసీఎల్ ఆఫీసుకి పంపి, ఈ ఊళ్లో ఇప్పటిదాకా పెట్టిన ఇళ్ల సోలార్లలో ఎన్నింటికి గాలి డిజైన్ కాగితం ఉందో అడిగించండి. జవాబు ఏదైనా సరే అచ్చు వేయండి. అక్టోబర్ లోపు వేస్తే ఇంకా మంచిది, బోల్టులు బిగించుకునే టైం ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం